తలుపులు తెరిపించిన విదుషీమణి
జాక్లీన్ ద రొమియి

ఫ్రాన్సు దేశపు స్త్రీలలో మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేర్లు రెండే. ఒకటి జోన్ ఆఫ్ ఆర్క్, రెండవది మేడమ్ క్యూరీ. మూడవ పేరు ఒకటి ఈ వరుసలో చేర్చుకోదగ్గది ఉన్నది. ఆమె జీవితమంతా చేసిన పని చెబితే, ఇదీ ఒక ఘనకార్యమేనా అని కొందరికి అనిపించవచ్చు. రెండువేల నాలుగు వందల ఏళ్ల క్రిందటి గ్రీకు గ్రంథాలు చదివింది. ఇతరుల చేత చదివించింది. ఆ పని చేస్తూనే, వందల ఏళ్లుగా ఏ ఆడదీ అడుగు పెట్టని విద్యాపీఠాల గడపలు ఒక్కొక్కటిగా దాటింది.

ఆమె పేరు జాక్లీన్ ద రొమియి. 1913 మార్చి 26వ తేదీన షార్త్ర్ అనే పట్టణంలో పుట్టింది. 2010 డిసెంబరు 18వ తేదీన, తొంభై ఏడేళ్ల నిండు వయస్సులో కన్నుమూసింది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికే నాకు ఆమె గ్రంథాలు ఇంగ్లీషు అనువాదాల ద్వారా పరిచయమైనాయి. గ్రంథాలు చదివిన కొద్దీ ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

తండ్రి లేని బిడ్డ

పెళ్లికి ముందు ఆమె పేరు జాక్లీన్ దావిద్. తండ్రి మాక్సీమ్ దావిద్ తత్త్వశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన యుద్ధానికి వెళ్లాడు; ఆ ఏడే మరణించాడు. అప్పటికి బిడ్డకు రెండేళ్లయినా నిండలేదు. తండ్రి ముఖం ఆ పిల్లకు ఫొటోలలో తప్ప తెలియదు.

తల్లి పేరు ఝాన్. వయస్సులో ఉన్న వితంతువు, చేతిలో పసిబిడ్డ. ఆమె నవలలు వ్రాసింది. వాటి మీద వేసుకున్న పేరు ఝాన్ మాక్సీమ్-దావిద్. చనిపోయిన భర్త పేరు మొత్తంగా తన పేరులో కలుపుకున్నదన్న మాట. ఆ తల్లికి కూతురే లోకం. కూతురి చదువే వ్రతం.

అయితే చదివించాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలునా? దేశంలో చట్టం కూడా కలిసి రావాలి. ఫ్రాన్సులో ఆడపిల్లలకు ప్రభుత్వపు ఉన్నత పాఠశాలలు 1880లో వచ్చిన చట్టంతోనే ఏర్పడ్డాయి. కాని అందులో ఒక మెలిక ఉన్నది. మగపిల్లల పాఠశాలల్లో ప్రధానంగా చెప్పే లాటిన్, గ్రీకు భాషలు ఆడపిల్లల పాఠ్యక్రమంలో లేవు. గృహిణికి ఆ పాత భాషలెందుకని పెద్దల అభిప్రాయం. లాటిన్ రానిదే విశ్వవిద్యాలయపు దారి సుగమం కాదు. ఆ విధంగా గేటు తెరిచినట్టే తెరిచి, లోపలి తలుపు గడియ వేశారు. 1924లో లేయోఁ బేరార్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే పాఠ్యక్రమం ఉండవచ్చునని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి మన జాక్లీన్‌కు పదకొండేళ్లు. రెండు మూడేళ్లు ముందుగా పుట్టి ఉంటే ఆమె కథ మరొక విధంగా నడిచేదేమో!

పారిస్‌లోని మొలియేర్ ఉన్నత పాఠశాలలో ఆ పిల్ల లాటిన్, గ్రీకు నేర్చుకున్నది. ఫ్రాన్సులో పద్దెనిమిదవ శతాబ్దం నుంచి ఒక గొప్ప పోటీ పరీక్ష జరుగుతూ వస్తున్నది. పాఠశాలల్లోని మేటి విద్యార్థులంతా అందులో తలపడతారు. 1930లో మొట్టమొదటి సారిగా ఆ పోటీకి ఆడపిల్లలను రానిచ్చారు. ఆ మొదటి సంవత్సరమే జాక్లీన్ దావిద్ లాటిన్ అనువాదంలో ప్రథమ బహుమతి, గ్రీకు అనువాదంలో ద్వితీయ బహుమతి కొట్టుకు వచ్చింది. రానిస్తే చాలు, ఏం చేయగలమో చూడండి అన్నట్టుగా ఉన్నది ఆ ఫలితం!

ఆ తరువాత 1933లో ఎకోల్ నార్మాల్ అనే సుప్రసిద్ధ కళాశాలలో ప్రవేశం దొరికింది. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794లో స్థాపించిన సంస్థ అది. పాశ్చర్ పండితుడు, తత్త్వవేత్త బెర్గ్‌సన్ చదువుకున్న చోటు. ఆమె తండ్రి చదివినదీ అక్కడే. ఆ మగవాళ్ల కళాశాలలో కొద్దిమంది ఆడపిల్లలను ఆ రోజుల్లో రానిచ్చారు. ఆ సదుపాయం ఎక్కువ కాలం సాగలేదు. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి ఆ తలుపు మళ్లీ మూసుకున్నది. ఆ స్వల్పకాలంలోనే ఆమె లోపలికి వెళ్లి, 1936లో ఉపాధ్యాయులకు పెట్టే అత్యున్నత పరీక్ష అగ్రెగాసియోఁలో ఉత్తీర్ణురాలై బయటికి వచ్చింది.

తల్లి ఇచ్చిన పాత పుస్తకం

ఆమెకు ఇరవై ఏళ్ల ప్రాయంలో తల్లి ఒక కానుక ఇచ్చింది. నగ కాదు, పట్టుగౌను కాదు. థూసిడిడీస్ అనే గ్రీకు చరిత్రకారుని గ్రంథం, పాత ముద్రణ. ఆ గ్రంథం చేతికి వచ్చిన తరువాత దాదాపు ఎనభై ఏళ్ల పాటు ఆమె దాన్ని వదలలేదు.

ఈ థూసిడిడీస్ ఎవరు? క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దంలో ఏథెన్సు నగరపు సేనాధిపతులలో ఒకడు. క్రీ. పూ. 424లో ఆంఫిపోలిస్ అనే పట్టణాన్ని శత్రువుల బారిన పడకుండా కాపాడలేకపోయాడని దేశం నుంచి వెళ్లగొట్టారు. ఇరవై ఏళ్లు ప్రవాసంలో గడిపాడు. ఏథెన్సుకూ స్పార్టాకూ మధ్య క్రీ. పూ. 431 నుంచి 404 వరకు జరిగిన మహాసంగ్రామాన్ని గురించి వ్రాయడానికి పూనుకున్నాడు. క్రీ. పూ. 411 నాటి సంఘటనల దాకా వచ్చి ఆ గ్రంథం మధ్యలోనే ఆగిపోయింది. దేవతలు ఆగ్రహించారు, శకునాలు వికటించాయి అని ఆయన కారణాలు చెప్పడు. మనుషుల భయం, ఆశ, కీర్తికాంక్ష, ఇవే రాజ్యాలను నడుపుతాయంటాడు.

అందులో మీలోస్ ద్వీపం కథ ఒకటి ఉన్నది. క్రీ. పూ. 416లో ఏథెన్సు వారు ఆ చిన్న ద్వీపానికి సైన్యంతో వెళ్లి, మాకు లొంగి కప్పం కట్టండి అన్నారు. మేము ఎవరి జోలికీ రాలేదు, మమ్మల్ని మా మానాన ఉండనివ్వండి అన్నారు ద్వీపవాసులు. మనం భారతంలో ఉద్యోగపర్వపు రాయబారాలు చదివిన వాళ్లం. అక్కడ రెండు పక్షాల వారూ ధర్మం పేరు ఎత్తుతారు; అధర్మం చేయదలచిన వాడు సైతం ఏదో ఒక న్యాయం చూపించబోతాడు. మీలోస్ రాయబారంలో ఏథెన్సు వారు ఆ మాత్రం ముసుగు కూడా వేసుకోరు. ధర్మం సంగతి సమానుల మధ్య మాట్లాడుకునేది, మనం బలాబలాలు మాట్లాడుకుందాం అని మొహాన చెబుతారు. చివరికి ద్వీపాన్ని ముట్టడించి పట్టుకున్నారు. మగవాళ్లను చంపారు. ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మారు.

ఈ ఘట్టం వెనువెంటనే థూసిడిడీస్ సిసిలీ దండయాత్ర ఎత్తుకుంటాడు. మీలోస్ మీద విజయం పొందిన మరుసటి ఏడే ఏథెన్సు దురాశతో సిసిలీ మీదికి పోయింది. క్రీ. పూ. 413లో ఓడలు, సైన్యం సమస్తం అక్కడ మట్టిలో కలిసినాయి. చరిత్రకారుడు నీతి చెప్పలేదు. రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. ఆ పక్కపక్కన పెట్టడంలో ఏమున్నదో పంక్తి పంక్తికీ పరిశీలించి చూపడమే జాక్లీన్ చేపట్టిన పరిశోధన.

బడి నుంచి వెళ్లగొట్టిన రోజులు

1940లో ఆమెకు మిషెల్ వర్మ్స్ ద రొమియితో వివాహమైంది. లోకం ఎరిగిన ఇంటిపేరు అలా వచ్చింది. అదే ఏడు జూన్ నెలలో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. వీషీ పట్టణంలో ఏర్పడిన మార్షల్ పేతాఁ ప్రభుత్వం అక్టోబరులో యూదుల మీద చట్టం చేసింది. యూదులు ప్రభుత్వోద్యోగాలు చేయరాదు, పాఠాలు చెప్పరాదు. జాక్లీన్ తండ్రిది యూదు వంశం. 1941లో ఆమెను ఉద్యోగం నుంచి తొలగించారు.

పాఠకులు ఒక్క క్షణం ఈ విషయం ఆలోచించండి. ఏ ఫ్రాన్సు కోసం తండ్రి 1914లో ప్రాణం ఇచ్చాడో, ఆ ఫ్రాన్సు ప్రభుత్వమే అదే తండ్రికి కూతురైన పాపానికి ఆమెను బడి నుంచి బయటికి పంపింది. ఆమె విద్యలో లోపం లేదు. నడతలో లోపం లేదు. పుట్టుక ఒక్కటే నేరం.

యుద్ధం ముగిసే దాకా ఊళ్లు మారుతూ, తలదాచుకుంటూ గడిపింది. ఏ రోజు ఏ తలుపు ఎవరు తడతారో తెలియని కాలం. ఆ కాలంలోనే థూసిడిడీస్ మీద పరిశోధన సాగించింది. బలవంతుడిదే న్యాయమని నమ్మిన ఒక సామ్రాజ్యం ఐరోపానంతా తొక్కిపట్టి ఉండగా, బలవంతుడిదే న్యాయమని నమ్మి చెడిపోయిన ఏథెన్సును గురించి ఆమె వ్రాస్తూ కూర్చున్నది. పాత గ్రంథాలు చదివేవారు బ్రతుకు బాధల నుంచి పారిపోతారని కొందరు అంటూ ఉంటారు. ఆమె విషయంలో నాకు అందుకు విరుద్ధంగా కనిపిస్తుంది. తన చుట్టూ జరుగుతున్న ఘోరాన్ని కళ్లు తిప్పుకోకుండా చూడడానికి ఆ పాత గ్రంథం ఆమెకు బలమిచ్చి ఉంటుంది.

1945లో తిరిగి పాఠశాలలో అడుగు పెట్టింది. 1947లో ఆ పరిశోధన డాక్టరేటు గ్రంథంగా వెలువడింది. 'థూసిడిడీస్, ఏథెన్సు సామ్రాజ్యవాదం' అని దాని పేరు. ఏథెన్సు సామ్రాజ్యపు పొంగును, దానికి మూలమైన అధికార వాంఛను, పెరిక్లీస్ తరువాతి నాయకులు హద్దు మీరిన తీరును చరిత్రకారుడు ఏ దృష్టితో చూశాడో ఆ గ్రంథం వివరిస్తుంది. 1963లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఈనాటికీ థూసిడిడీస్‌ను గురించి వ్రాయదలచిన వారు ఆ పుస్తకం చూడకుండా ముందుకు పోలేరు.

ఒక్కొక్క గడప

1949లో లీల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి. 1957లో పారిస్‌లోని సోర్బాన్. ఈ మధ్యకాలంలోనే థూసిడిడీస్ మూలానికి పరిష్కరణ, ఫ్రెంచి అనువాదం ప్రారంభించింది. మొదటి సంపుటం 1953లో, చివరిది 1972లో వచ్చాయి. సహచర పండితులు కొందరు తోడ్పడినా, బరువంతా ఆమె భుజాల మీదనే నడిచింది. వ్రాతప్రతులు పోల్చి పాఠం నిర్ణయించడం ఎంత ఓపిక గల పనో, తాళపత్రాలతో పరిచయం ఉన్న మన పండితులకు వేరే చెప్పనక్కర లేదు. ఒక అక్షరం కోసం ఒక వారం పోతుంది. అచ్చయిన తరువాత ఆ వారం ఎవరికీ కనిపించదు.

1973లో కొలేజ్ ద ఫ్రాన్స్ ఆమెను ఆచార్యురాలిగా పిలిచింది. ఈ సంస్థ సంగతి కొంచెం చెప్పాలి. 1530లో మొదటి ఫ్రాన్సిస్ రాజు స్థాపించినది. అక్కడ పరీక్షలు లేవు, పట్టాలు లేవు, చేరడానికి రుసుము లేదు. ఆచార్యుడు తన కొత్త పరిశోధన చెబుతాడు; వినదలచిన వారెవరైనా వెళ్లి కూర్చోవచ్చు. వినడానికి ఎవరినైనా రానిచ్చిన ఆ సంస్థ, చెప్పడానికి ఒక స్త్రీని పిలవడానికి 443 ఏళ్లు పట్టింది. ఆ మొదటి స్త్రీ జాక్లీన్ ద రొమియి. గ్రీసు దేశంలో నైతిక, రాజకీయ చింతన ఎలా రూపొందిందో బోధించడం ఆమె పీఠానికి అప్పగించిన విషయం. 1984 దాకా అక్కడ బోధించింది.

1975లో, 1663 నాటి శాసన సాహిత్య అకాడమీలో సభ్యత్వం వచ్చింది. అక్కడా ఆమే మొదటి స్త్రీ. ఈ అకాడమీల గడప ఎంత ఎత్తో తెలియాలంటే మేడమ్ క్యూరీ ఉదంతం జ్ఞాపకం చేసుకోవాలి. అప్పటికే ఒక నోబెల్ బహుమతి పొందిన ఆ మహనీయురాలిని 1911లో విజ్ఞానశాస్త్రాల అకాడమీ కొద్ది ఓట్ల తేడాతో వద్దన్నది. అదే సంవత్సరం ఆమెకు రెండవ నోబెల్ బహుమతి వచ్చింది!

ఇక అన్నిటిలోకీ ఘనమైనది ఫ్రెంచి అకాడమీ. 1635లో కార్డినల్ రిషెల్యూ స్థాపించినది. సభ్యులు నలభై మందే. ఒకరు గతిస్తే తప్ప మరొకరికి చోటు లేదు. వారిని 'అమరులు' అంటారు. 345 ఏళ్ల పాటు ఈ అమరులలో ఒక్క స్త్రీ లేదు. 1980లో నవలా రచయిత్రి మార్గరీత్ యూర్సనార్ మొదటి సభ్యురాలైంది, 1987లో కన్నుమూసింది. 1988లో జాక్లీన్ ద రొమియిని రెండవ సభ్యురాలిగా ఎన్నుకున్నారు. అంటే ఆమె అడుగు పెట్టేనాటికి ఆ సభలో మరొక స్త్రీ లేదు. 1990లో చరిత్రకారిణి ఎలెన్ కారేర్ దాఁకోస్ ఎన్నికయ్యే దాకా ఒంటరిగానే కూర్చున్నది. ఆ తరువాతి ఆమె, 1999లో అకాడమీకి శాశ్వత కార్యదర్శి అయింది.

మొదటి స్త్రీ అనిపించుకోవడంలో గౌరవంతో పాటు ఒక బరువు ఉన్నది. ఆమె ఏ మాత్రం తడబడినా, ఆ తప్పు ఆమె ఒక్కతెది కాక ఆడజాతి అంతటిదీ అవుతుంది. ఆ బరువు మోస్తూ, దాన్ని గురించి ఫిర్యాదు చేయక, తన పని తాను చేసుకుపోవడం ఆమె స్వభావం.

బలం నుంచి సౌమ్యతకు

ఆమె గ్రంథాల వరుస చూస్తే ఒక దారి కనిపిస్తుంది. మొదట వ్రాసినది సామ్రాజ్య బలాన్ని గురించి. 1958లో ఎస్కిలస్ నాటకాలలోని భయాన్ని గురించి వ్రాసింది. 1971లో గ్రీకుల చింతనలో చట్టం. 1979లో గ్రీకుల చింతనలో సౌమ్యత. బలం, భయం, చట్టం, సౌమ్యత. ఒక మనిషి జీవితయాత్ర కూడా ఇందులో ఉన్నదని నాకు తోస్తుంది. చట్టం పేరుతోనే తన ఉద్యోగం తీసివేసిన కాలాన్ని చూసిన మనిషి, చట్టం అంటే అసలేమిటి అని ఇరవై అయిదు శతాబ్దాల వెనక్కి వెళ్లి విచారించింది. చట్టం ఒక్కటి చాలదు, దాన్ని మెత్తబరిచే దయాగుణం కూడా కావాలని గ్రీకులు ఎలా క్రమక్రమంగా గ్రహించారో పరిశీలించింది.

ఒక ఆక్షేపణ లేకపోలేదు. గ్రీకు నగరాలలో బానిసలుండేవారు. ఏథెన్సు ప్రజాసభలో స్త్రీకి చోటు లేదు. అలాంటి సమాజాన్ని ఒక స్త్రీ ఇంతగా ప్రేమించడమేమిటి? నా బుద్ధికి తోచిన సమాధానం ఇది. మీలోస్ ద్వీపవాసులను చంపిన వారూ గ్రీకులే, ఆ పాపాన్ని దాచకుండా వ్రాసి పెట్టిన వాడూ గ్రీకే. ఆమె ప్రేమించినది ఆ రెండవ గ్రీకును. తమ తప్పును తామే ప్రశ్నించుకోగల చూపు ఏ సాహిత్యంలో ఉన్నా అది చదవదగినదే.

ఉపాధ్యాయ ధర్మం

ఇంత పాండిత్యం ఉన్నా ఆమె తనను తాను ముందుగా పంతులమ్మ అనే భావించుకున్నది. 1968లో ఫ్రాన్సులో విద్యార్థుల అలజడి దేశాన్ని ఊపివేసింది. మరుసటి ఏడు ఆమె ఉపాధ్యాయ వృత్తిని గురించి 'మేము ఉపాధ్యాయులం' అనే పుస్తకం వ్రాసింది. 1984లో విద్యాబోధన ఆపదలో పడిందంటూ మరొకటి. పాఠశాలల్లో గ్రీకు, లాటిన్ తరగతులు తరిగిపోతూ ఉంటే, 1992లో సాహిత్య బోధన పరిరక్షణకు ఒక సంఘం స్థాపించింది. అప్పటికి ఆమెకు డెబ్భై తొమ్మిదేళ్లు! విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో పాఠశాల పిల్లల కోసం మంత్రులతో వాదనకు దిగింది.

'ఈ పాత పద్యాలు చదివితే ఏం ప్రయోజనం సార్?' అని మా తరగతిలోనూ ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడగడం న్యాయమే. ఆమె గ్రంథాలలో నాకు దొరికిన జవాబు ఇది: మనకంటె ముందు వారు మన బాధలే పడి, వాటికి చక్కని మాటలు వెదికిపెట్టారు. ఆ మాటలు అందుబాటులో ఉన్నవాడు తన బాధలో ఒంటరివాడు కాడు. బడి నుంచి వెళ్లగొట్టిన రోజుల్లో ఆమె ఒంటరిది కాకపోవడానికి కారణం అదే కాబోలు.

గ్రీసు దేశం ఆమె ఋణం మరచిపోలేదు. 1995లో ఆమెకు తమ దేశపు పౌరసత్వం ఇచ్చింది. 2000లో గ్రీకు సంస్కృతికి రాయబారిగా గౌరవించింది. ఒకప్పుడు పుట్టుక కారణంగా సొంత దేశం పరాయిదాన్ని చేసిన మనిషిని, చదువు కారణంగా మరొక దేశం సొంతం చేసుకున్నది.

చివరి సంవత్సరాలలో చూపు దాదాపు పూర్తిగా పోయింది. జీవితమంతా చిన్న అక్షరాలు చదివిన కళ్లకు అంతకంటె పెద్ద శిక్ష ఏముంటుంది? అయినా పుస్తకాలు ఆగలేదు. తాను చెబుతూ ఉంటే ఇతరులు వ్రాసేవారు. 2008లో ప్రాచీన గ్రీకు భాషను గురించి చిన్న చిన్న పాఠాల పుస్తకం, మరొక పండితురాలు మోనిక్ త్రెదేతో కలిసి వెలువరించింది. పెరిక్లీస్ నాటి మానవ ఔన్నత్యాన్ని గురించిన పుస్తకం 2010లో, ఆమె మరణించిన ఏడే వచ్చింది.

ఆమె పోయిన తరువాత, 2011లో మరొక పుస్తకం బయటికి వచ్చింది. తన మరణానంతరమే ప్రచురించవలసిందని వ్రాసి దాచిపెట్టుకున్నది. అందులో గ్రీకులు లేరు, సామ్రాజ్యాలు లేవు. పుస్తకం పేరు 'ఝాన్'. భర్తను యుద్ధానికి ఇచ్చి, కథలు వ్రాసి కూతురిని పెంచి, ఇరవై ఏళ్ల ఆ కూతురి చేతిలో పాత పుస్తకం ఒకటి పెట్టిన తల్లి కథ.

మన ఇళ్లలో ఆడపిల్లల పుట్టినరోజుకు చీరలు కొంటాం, గాజులు కొంటాం. కొనవలసినదే. వాటితో పాటు ఒక మంచి పుస్తకం కూడా కొని పెట్టి చూడండి.